అడగని ముద్ర

“పాలు ముట్టనే లేదు సార్. మీగడ కట్టి అట్లనే ఉండె. మూత తీసి నేనే చూసిన గద!”

యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌లో అటెండరుగా పనిచేసే బిక్షం పొద్దుటి నుంచీ ఇదే మాట చెబుతున్నాడు. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ రాజలింగం లాఠీని మోకాలి మీద ఆడిస్తున్నాడు.

“రాత్రి రూములకు పాలు ఎవరు తీస్కపోయిన్రు? నువ్వు. పొద్దుగాల తలుపు ఎవరు తీసిన్రు? నువ్వు. రెండో తాళంచెవి ఎవరి జేబుల ఉన్నది? నీ జేబుల. ఇంకేంది?”

“నేనే సార్. కానీ...”

“కానీ గీనీ జాన్తా నై.”

కిటికీ దగ్గర నిలబడిన శశిధర్ మెల్లగా కల్పించుకున్నాడు. “రాజలింగం గారూ, నేనొక్క మాట అడగొచ్చా?”

“అడుగుర్రి డిటెక్టివ్ సాబ్. మీరు అడగకుంటే మా కేసు ముందుకు నడుస్తదా?”

ఆ వెటకారాన్ని శశిధర్ పట్టించుకోలేదు. “బిక్షం, నువ్వు తలుపు తీసేసరికి ఆయన ఎలా పడి ఉన్నారు?”

“ఎల్లెలకల సార్. నోట్లె నురుగు. పక్కకు ఒత్తిగిలబెట్టి, ఎన్కకు పడకుండ వీపుకు దిండు ఆనిచ్చిన. మా నాయినకు ఫిట్స్ వస్తుండె. అప్పుడు డాక్టరు అట్లనే చెయ్యమనేటోడు.”

“ఆ ఒక్క పని చేయకపోయి ఉంటే అంబులెన్సు వచ్చేసరికి మనిషి మిగిలేవాడు కాదని ఆసుపత్రిలో చెప్పారు” అన్నాడు శశిధర్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి. “మందు పెట్టినవాడు దిండు కూడా పెడతాడా?”

“భయపడ్డడు, పెట్టిండు. ఎంతమందిని చూసినం మేము!”

ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్న మనిషి పేరు వెంకటసాయి. అనంతపురం నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. పద్దెనిమిదేళ్లుగా ఆయన దక్షిణ చైనాలోని ఫోషాన్‌లో మిక్సీ మోటార్ల ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. పరాయి దేశం వాడు చైనా వ్యాపారంలో ఎలా నిలదొక్కుకోవాలో చెప్పమని క్యాంపస్‌లో విద్యార్థులు పిలిస్తే, నిన్న మధ్యాహ్నం రెండు గంటలపాటు మాట్లాడాడు. సొంత ఇల్లు కూతవేటు దూరంలోనే ఉన్నా, మర్నాడు పొద్దున్నే మరో క్లాసు ఉందని నిర్వాహకుడు పట్టుబట్టడంతో రాత్రికి గెస్ట్‌హౌస్‌లో ఉండిపోయాడు. తెల్లవారేసరికి లేపినా లేవని స్థితి. ఎవరో మోతాదు మించి నిద్రమందు ఇచ్చారన్నారు డాక్టర్లు. ఎప్పుడు కళ్లు తెరుస్తాడో, తెరుస్తాడో లేదో కూడా గట్టిగా చెప్పలేమన్నారు. ఆయన కూతురు సాహితి తమ వీధిలోనే ఉండే శశిధర్‌ని వెతుక్కుంటూ వచ్చింది. “నాన్నకి శత్రువులు లేరంకుల్. అందుకే భయంగా ఉంది” అంది.

“గది ఒకసారి చూస్తాను” అన్నాడు శశిధర్.

“చూడుర్రి. మేము చూసినంక ఏం మిగిలి ఉంటదో!” రాజలింగం లేచి తనూ వెంట వచ్చాడు.

తలుపు బయటి నుంచి లాగితే తాళం పడే రకం. గది సర్దినట్టే ఉంది. పరుపు మీద ఒకవైపు మాత్రం దుప్పటి నలిగింది. బల్ల మీద ఫోను, పర్సు, కళ్లజోడు. కిటికీ కింద చెక్క పళ్లెంలో చిన్న టీ కూజా, దాని పక్కన బొటనవేలంత ఎత్తున్న పింగాణీ కప్పులు రెండు, బోర్లించి.

“ఫోన్ ఉన్నది, పర్సుల పైసలు అట్లనే ఉన్నయి. దొంగతనం కాదు” అన్నాడు రాజలింగం. “పాత కక్ష ఏదో ఉన్నది. బిక్షం నోరు తెరిస్తే బయటపడ్తది.”

శశిధర్ వంగి గోడకున్న ప్లగ్గులు చూశాడు. “ఫోను ఒకటే. ఛార్జర్లు రెండున్నాయి కదండీ?”

నిజమే. ఒకటి మన దగ్గర దొరికేదే. రెండోదాని పిన్నులు గుండ్రంగా కాక బల్లపరుపుగా ఉన్నాయి. మన ప్లగ్గులో పట్టదు కాబట్టి మధ్యలో అడాప్టర్ తగిలించి ఉంది. దాని తీగ చివర ఖాళీగా వేలాడుతోంది.

“ఆయన చైనా ఫోను పోయింది” అన్నాడు శశిధర్.

రాజలింగం ఒక క్షణం తీగ వైపు చూశాడు. “ఇంట్ల మర్చిపోయి ఉంటడు.”

“ఫోను ఇంట్లో మర్చిపోయినవాడు ఛార్జర్ తెచ్చుకుని, ప్లగ్గులో పెట్టుకుంటాడా?”

శశిధర్ అరలో ఉన్న పట్టు గుడ్డ పెట్టె తెరిచాడు. లోపల ఎర్రటి ముద్దతో చిన్న డబ్బీ, వేలెడంత పొడవున్న రాతి ముద్ర. అడుగున చైనా అక్షరాలు చెక్కి ఉన్నాయి. వాటి సందుల్లో ఆ ముద్ద ఇంకా మెత్తగానే ఉంది. బాత్‌రూమ్ తువ్వాలు మీదా అదే ఎరుపు.

“కుంకుమ. పొద్దుమూకి గుడికి పోయిండట” అన్నాడు రాజలింగం. “ఆస్పత్రిల బొటనవేలికి కూడా ఉన్నది, నేనే చూసిన.”

“బొటనవేలికా?” శశిధర్ తువ్వాలు కొసను నీళ్లతో తడిపి రుద్దాడు. ఎరుపు కరగలేదు, జిడ్డుగా పక్కకు పాకింది. “కుంకుమైతే నీళ్లకు వదిలిపోతుంది. ఇది నూనెతో కలిపిన రంగు. ఈ ముద్ర వేయడానికి వాడే ముద్ద. రాజలింగం గారూ, ఎవరో ఈ ముద్రను పట్టుకుని కాగితం మీద అద్ది చూశారు. అదే చేత్తో, స్పృహలో లేని మనిషి బొటనవేలు పట్టుకున్నారు.”

“ఎందుకు?”

“వేలు ఆనిస్తే తెరుచుకునే ఫోను తెరవడానికి.”

శశిధర్ బోర్లించిన కప్పుల్లో ఒకదాన్ని ఎత్తి వాసన చూసి, మళ్లీ అలాగే పెట్టాడు. “ఈ రెండూ సబ్బుతో కడిగారు. బిక్షం తెచ్చిన పాలగ్లాసు మాత్రం కడగలేదు. బిక్షమే చేసి ఉంటే ఏది కడిగేవాడు?”

“రిపోర్టు రానీయుండ్రి” అన్నాడు రాజలింగం. ఈసారి గొంతులో వెటకారం కొంచెం తగ్గింది.

కింద హాల్లో దయాకర్ ఎదురుచూస్తున్నాడు. తార్నాకలో ఆఫీసు పెట్టుకుని, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకు సలహాలిచ్చే మనిషి. నిన్నటి సభ ఏర్పాట్లన్నీ అతనివే. నలభై దాటని వయసు, ఇస్త్రీ చెక్కుచెదరని తెల్ల చొక్కా. కళ్లు మాత్రం నిద్ర లేక ఎర్రబడ్డాయి.

“సార్‌కి ఇట్లా అయిందంటే నమ్మలేకపోతున్నా. ఇక్కడి స్టూడెంట్స్ అంతా షాక్‌లో ఉన్నారు” అన్నాడు.

క్యాంటీన్ నుంచి ఎవరో ఫ్లాస్కుతో టీ పంపారు. శశిధర్ తనే గ్లాసుల్లో వంచుతూ అడిగాడు. “భోజనాలు తొమ్మిదికే అయిపోయాయి. మీ కారు గేటు దాటింది పదిన్నరకి. మధ్యలో?”

“బ్యానర్లు విప్పించాను, మైకు సెట్ వాళ్లను పంపించాను.” దయాకర్ గ్లాసు నిండుతుండగా, మాట ఆపకుండానే, కుడిచేతి రెండు వేళ్లు వంచి బల్ల మీద టకటకమని తట్టాడు. “సార్‌ని గది తలుపు దాకా దింపాను, అంతే. లోపలికి కూడా వెళ్లలేదు.”

“ఆయనతో టీ తాగలేదా?”

“నేను కాఫీ మనిషినండి. ఆ ఆకుల నీళ్లు నావల్ల కాదు.”

“చైనా సంగతులు మీకూ బాగా తెలిసే ఉంటాయి. లేకపోతే ఇలాంటి సభ పెట్టాలని తోచదు కదా.”

“అయ్యో, నాకు పాస్‌పోర్టే లేదు సార్! బార్డర్ దాటింది లేదు. తెలియదు కాబట్టే తెలిసినాయన్ని పిలిచాం.” నవ్వాడు.

రాజలింగం గ్లాసులో పోసి, శశిధర్ మళ్లీ దయాకర్ గ్లాసులోకి ఇంకాస్త వంచాడు. మళ్లీ రెండు వేళ్లు. టకటక.

“ఎందుకంత టెన్షన్ దయాకర్ గారూ? బల్లను కొడ్తున్రు” అన్నాడు రాజలింగం.

దయాకర్ చెయ్యి చప్పున ఒళ్లోకి వెళ్లింది. “రాత్రంతా నిద్ర లేదు సార్.”

“పోయి పండుకోర్రి. అవసరమైతే పిలుస్తం.”

దయాకర్ బయటికి వెళ్లేదాకా ఆగి శశిధర్ అన్నాడు. “ఆయన్ని అప్పుడే పంపేశారేం?”

“మరేం చెయ్యాలె? పెద్దమనిషి. సభ పెట్టిండు, శాలువ కప్పిండు, అన్నం పెట్టిండు. మీరేమో గిన్నెలు వాసన చూసుకుంట, ప్లగ్గులు లెక్క పెట్టుకుంట తిరుగుతున్రు. మా పెద్ద సార్ పొద్దటి నుంచి మూడుసార్లు ఫోన్ కొట్టిండు. నేను ఒకన్ని చూపియ్యాలె.”

“చూపించడానికే బిక్షాన్ని తీసుకెళ్తున్నారా?”

రాజలింగం ముఖం ఎర్రబడింది. “జబాన్ సంభాల్కే సాబ్! గౌరవం ఇస్తున్న, నిలబెట్టుకోర్రి.” లేచి కానిస్టేబుల్‌ని పిలిచాడు. బిక్షాన్ని జీపెక్కించబోతుంటే, గేటు అవతల ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. రాజలింగం ఆమెను చూసి ఆగాడు. “బేడీలు వద్దురా. భార్య చూస్తున్నది” అన్నాడు కానిస్టేబుల్‌తో తగ్గు గొంతున, ఎవరికీ వినపడకూడదన్నట్టు. శశిధర్‌కి వినపడింది. అంతవరకూ ఆ మనిషి మీదున్న కోపం సగం అక్కడే దిగిపోయింది.

ఒంటిగంట దాటాక శశిధర్ తార్నాకలో సాహితి వాళ్ల రెండో అంతస్తు ఇంటికి వెళ్లాడు. తల్లిని ఆసుపత్రిలో ఉంచి, బట్టలకోసం ఆమె అప్పుడే వచ్చింది. కింది వాటా వాళ్లు అన్నం, టీ పంపారట. అన్నం మూత తీయనేలేదు.

“టీ అయినా తాగమ్మా” అని శశిధర్ ఆమె కప్పులో పోశాడు. సాహితి ఎటో చూస్తూనే కుడిచేతి రెండు వేళ్లు వంచి బల్ల మీద మెల్లగా తట్టింది.

శశిధర్ చేతిలో ఫ్లాస్కు అలాగే ఆగిపోయింది. “ఏమిటమ్మా అది?”

“ఏది?” ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది. “ఓ, ఇదా. అలవాటంకుల్. చిన్నప్పుడు పదేళ్లు ఫోషాన్‌లోనే ఉన్నాను కదా. ఎవరైనా మనకి టీ పోస్తుంటే మాట ఆపి థాంక్స్ చెప్పక్కర్లేదు, ఇలా తట్టాలి. వంగి దండం పెట్టినట్టు వేళ్లు వంచడం. అక్కడి వాళ్లకి చెయ్యి దానంతటదే పోతుంది.”

“అక్కడ ఎప్పుడూ ఉండనివాళ్లకి?”

“వాళ్లకెలా వస్తుంది? నాన్నకే ఏడాది పట్టింది. లిన్ అవ్వ నేర్పింది.”

పాస్‌పోర్టే లేదన్న మనిషి వేళ్లు శశిధర్ కళ్ల ముందు కదిలాయి. రెండుసార్లు, మాట తడబడకుండా. నోరు నేర్చుకున్న అబద్ధాన్ని చెయ్యి నేర్చుకోలేదు.

“లిన్ అవ్వ ఎవరు?” అని అడిగాడు.

సాహితి ముఖంలో ఆ పూట మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. “నాన్న భాగస్వామి. డెబ్బై ఒకటి ఆమెకి. నాన్న కొత్తగా వెళ్లినప్పుడు ఎవరూ నమ్మలేదంకుల్. మిక్సీ మోటారు ఆగకుండా అరగంట ఎందుకు తిరగాలని నవ్వారట. అందరికీ దోసెలు పోసి పెడదామని నాన్న వాళ్ల ఫ్యాక్టరీ వంటగదిలోనే మినప్పప్పు రుబ్బడం మొదలుపెట్టాడు. మోటారు రెండు దోసెల పిండికే కాలిపోయింది. అవ్వ ఆ కాలిన మోటారు చేత్తో పట్టుకుని, ఇప్పుడర్థమైంది అందట. ఆ తర్వాత కూడా ఆర్నెల్లు వ్యాపారం మాటే లేదు. రోజూ టీ. ఆమె భర్త పోతే నాన్న మూడు రోజులు అక్కడే కూర్చున్నాడు. అప్పుడు ఒప్పుకుంది.”

శశిధర్ రాతి ముద్ర ఫొటో చూపించాడు. “దీనికోసమే ఇదంతా జరిగిందా?”

ఆమె చూసి తల అడ్డంగా ఊపింది. “ఇది నాన్న పేరు చెక్కిన ముద్ర. అవ్వ బహుమతి ఇచ్చింది. కంపెనీది పెద్దది, గుండ్రంగా ఉంటుంది. అక్కడ సంతకం కంటే ముద్రకే విలువ. అది ఎవరి చేతిలో ఉంటే, కంపెనీ వాళ్ల మాటే వింటుంది. దాంతో ఒక్క కాగితం మీద అద్దితే చాలు, నాన్న పద్దెనిమిదేళ్లూ వేరేవాళ్ల పేరు మీదకి పోతాయి.”

“అదెక్కడుంది?”

“అవ్వ దగ్గర. మొదటిరోజు నుంచీ అక్కడే.” సాహితి టీ కప్పు పక్కన పెట్టింది. “అందరూ నాన్నని పిచ్చివాడన్నారు. నాన్న అవ్వ దగ్గరికి వెళ్లి, ‘నేను పరాయివాణ్ణి, నన్నెందుకు నమ్మాలని మీరు అడుగుతున్నారు, అందుకని నా మెడే మీ చేతిలో పెడుతున్నాను’ అన్నాడట. అవ్వ ఇన్నేళ్లలో నాన్న పక్కన లేకుండా ఒక్కసారి కూడా ఆ ముద్ర బయటికి తీయలేదు. నాన్న ఒక్కసారి కూడా తిరిగి ఇమ్మని అడగలేదు. నిన్న సభలో చివరి మాట అదే చెప్పాడు. నా కంపెనీ ప్రాణం ఇంకొకరి చేతిలో ఉంది, అదే నా విజయం అని. పేరు మాత్రం చెప్పలేదు.”

ఆ పేరు కోసమే ఫోను తెరిచారని శశిధర్‌కి తట్టింది. ఇన్నేళ్ల వృత్తిలో, నమ్మి మోసపోయినవాళ్లే అతని గుమ్మం ఎక్కారు. నమ్మి గెలిచిన మనిషి కథ వినడం ఇదే మొదలు.

“ముందు వరసలో ఎవరు కూర్చున్నారు?”

“దయాకర్ అంకుల్.”

“ఫోషాన్‌కి ఫోన్ చేయమ్మా. ఇప్పుడే.”

ఎత్తింది లిన్ అవ్వ కొడుకు, వెయ్ అనే అతను. సాహితి చైనా భాషలో గబగబా మాట్లాడింది. వింటూ వింటూ ఆమె లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది.

“రాత్రి నాన్న ఫోను నుంచి అవ్వకి మెసేజ్ వెళ్లిందట. ‘ఒంట్లో బాగాలేదు, ముద్ర తీసుకుని వెంటనే రండి, విమానాశ్రయానికి నా మనిషి వస్తాడు’ అని. నిన్నటి సభకి రావాలని అవ్వ తీసుకున్న వీసా ఉంది. జ్వరం వల్ల ఆగిపోయింది. రాత్రే బయల్దేరింది. పన్నెండింటికే దిగి ఉంటుంది.”

“ముద్ర తీసుకునా?”

సాహితి మళ్లీ ఫోన్‌లో అడిగింది. జవాబు విని ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

“లేదట. మెసేజ్ చదివి అవ్వ నవ్విందట. ‘ఇన్నేళ్లలో వెంకటసాయి దీన్ని అడగలేదు. కాబట్టి ఇది అడిగింది వెంకటసాయి కాదు. అడిగినవాడే అతనికి ఏదో చేశాడు’ అందట. మరెందుకు వెళ్తున్నావంటే, ‘నేను వెళ్లకపోతే వాడి ముఖం ఎవరు చూస్తారు?’ అందట. ఖాళీ పెట్టె పట్టుకుని వచ్చిందంకుల్. అవ్వ ఫోనూ కలవట్లేదని వెయ్ గంట నుంచి ఏడుస్తున్నాడు.”

భాష తెలియని ఊరు. ఎదురొచ్చేది ఎవరో తెలియదు. అయినా స్నేహితుడు అడగని ఒక్క మాటను పట్టుకుని సముద్రాలు దాటి వచ్చింది ఆ ముసలావిడ.

శశిధర్ రాజలింగానికి ఫోన్ చేసి నాలుగు ముక్కల్లో చెప్పాడు. అవతల వెటకారం లేదు.

“అరె యార్... నేను జీపెక్కేటప్పుడు దయాకర్ గేటు కాడ నాతోని చెప్పిండు సాబ్. ఎయిర్‌పోర్టుకు పోవాలె, చుట్టపామె వస్తున్నదని. నేనే జల్ది పొమ్మన్న.” కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడు. “బిక్షానికి అన్నం పెట్టించిన. ఇంటికి పంపిస్త. మీరు యాడున్నరు?”

“తార్నాకలో, సాహితి వాళ్లింట్లో.”

“ఎయిర్‌పోర్టోళ్లకు చెప్పి, నేను మీ కాడికే బయల్దేరుతున్న.”

అతను ఫోన్ పెట్టేలోపే సాహితి ఫోను మోగింది. లిన్ అవ్వ పంపిన ఫొటో. కారు వెనక సీటు, తెల్ల జుట్టు, చిరునవ్వు, ఒడిలో చెక్క పెట్టె. అద్దం అవతల తార్నాక మెట్రో స్టేషన్ బోర్డు. వెంటనే ఒక వాయిస్ మెసేజ్. సాహితి దాన్ని తెలుగులో చెప్పింది.

“‘సాహితీ, మీ నాన్న పంపిన అబ్బాయి మన భాష మనకంటే బాగా మాట్లాడుతున్నాడు. పెట్టె ఇమ్మన్నాడు. ఇలాంటిది దారిలో చేతులు మార్చకూడదు, ఇంట్లో కూర్చుని, ఇంటివాళ్ల ఎదుట రెండు చేతులతో ఇవ్వాలి అన్నాను. మన మర్యాద తెలిసినవాడు, కాదనలేకపోయాడు. మీ ఇంటికే వస్తున్నాం’.”

మర్యాదతోనే కట్టేసి, వాడంతట వాడే గుమ్మంలోకి వచ్చేలా చేసింది. శశిధర్ బాల్కనీలోకి నడిచాడు.

కింద కారు ఆగింది. దయాకర్ దిగి వెనక తలుపు తెరిచి, ముసలావిడకి చెయ్యి అందించాడు. ముందు సీట్లోంచి ఇంకొకడు దిగాడు. బలమైన మనిషి. శశిధర్ ఎప్పుడూ చూడనివాడు. వాడు కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీయడం లేదు.

మెట్ల మీద అడుగులు మొదలయ్యాయి. ఒక అడుగు. చాలాసేపటికి ఇంకొకటి. మధ్యలో నిట్టూర్పు. దయాకర్ గొంతు ఏదో మెత్తగా బతిమాలుతోంది.

“పాపం, మోకాళ్ల నొప్పులా?” అని గుసగుసగా అడిగాడు శశిధర్.

సాహితి తల ఊపింది, కాదన్నట్టు. “పోయినేడు నాకంటే ముందు కొండెక్కిందంకుల్. అవ్వకి ఏ నొప్పీ లేదు.”

శశిధర్‌కి అర్థమైంది. పోలీసులు వస్తారో రారో కూడా తెలియని ఆ మనిషి, ఎవరైనా వచ్చే వీలుంటే దానికి కావలసిన సమయాన్ని ఒక్కో మెట్టుగా సంపాదించి పెడుతోంది. అతను సాహితిని వంటింట్లోకి పంపి, తలుపు గడియ తీసి, పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

అడుగులు మొదటి అంతస్తు మలుపు తిరిగాయి. వీధి చివర జీపు చప్పుడు ఇంకా లేదు. ఇక దయాకర్ బతిమాలడం మానేసి గద్దించడం మొదలుపెట్టాడు.